అల్ సుదైరాకు రండి

సమీయుల్లా ఏం పని చేస్తాడని బంధువులెవరైనా అడిగితే అతని భార్య తయ్యబా నవ్వుతూ, "ఫ్యాక్టరీలకు పెళ్లి సంబంధాలు చూస్తాడు" అనేది. అందులో అబద్ధమేమీ లేదు. కడప నుంచి మస్కట్ వచ్చి పదిహేడేళ్లు. మొదట టైపింగ్ పని, తర్వాత ఒక బ్యాంకు బయట ఫారాలు నింపే పని, ఆ తర్వాత అల్ ఖువైర్‌లో మంత్రిత్వ శాఖల భవనాల వెనక వీధిలో ఇర్షాద్ అనే హైదరాబాదీ నడిపే చిన్న కన్సల్టెన్సీలో ఉద్యోగం. అరబ్బీ, ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు నాలుగూ తడుముకోకుండా మాట్లాడతాడు కాబట్టి ఇర్షాద్ అతన్ని ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకుపోయేవాడు.

ఆ కన్సల్టెన్సీకి అప్పుడున్న పెద్ద కాంట్రాక్ట్ ఒక్కటే. కొండల అవతల, మస్కట్‌కు రెండున్నర గంటల దూరంలో, అల్ సుదైరా అనే ఊరుంది. పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. ఖర్జూరపు తోటలు, ఒక పాత కోట, రెండు హైపర్ మార్కెట్లు, ఒక కాలేజీ. చదువుకున్న పిల్లలు అక్కడ పని లేక మస్కట్ వెళ్లిపోతున్నారు. వాళ్లను ఆపాలంటే కంపెనీలు రావాలి. అందుకని ఊరికి యాభై ఎనిమిది కిలోమీటర్ల అవతల, ఎడారి మొదలయ్యే చోట, ఇండస్ట్రియల్ సిటీ కట్టారు. రోడ్లు వేశారు, వీధి దీపాలు పెట్టారు, రెండు వందల పన్నెండు ప్లాట్లకు నంబర్లు వేశారు. వాటిలో పదకొండే నిండాయి. మిగతావి నింపే పని ఇర్షాద్‌కు అప్పజెప్పారు. "అల్ సుదైరాకు రండి" అని మొదలయ్యే స్లైడ్ల కట్టను సమీయుల్లా తయారు చేశాడు. అందులో ముప్పై ఒక్క స్లైడ్లు. పంతొమ్మిదో దానిలో తెల్లటి ఒంటి అంతస్తు భవనం బొమ్మ, దాని ముందు అంబులెన్స్, కింద ఇరవై నాలుగు గంటల క్లినిక్ అని రాసి ఉండేది. దాని పక్కన చిన్న అక్షరాల్లో 'ప్రతిపాదితం' అని కూడా ఉండేది.

మస్కట్‌లోని ఘాలాలో నీళ్ల ట్యాంకులు, డీజిల్ ట్యాంకులు చేసే ఒక స్టీల్ కంపెనీ ఈ సంబంధానికి మొగ్గు చూపింది. ఊరు పెరిగి చుట్టూ అపార్ట్‌మెంట్లు రావడంతో వెల్డింగ్ చప్పుడు మీద ఫిర్యాదులు పెరిగాయి. అద్దె కూడా పెరిగింది. అల్ సుదైరాలో ఐదేళ్లు అద్దె లేదు, కరెంటు చవక. యజమాని ఒమానీ పెద్దాయన, సరే అన్నాడు. చిక్కంతా మేనేజర్ గంగాప్రసాద్‌కు వచ్చిపడింది. ఆయనది రాజమండ్రి.

"మిషన్లను లారీలో వేసుకుపోతాం సమీయుల్లా గారూ. మనుషుల్ని ఎట్లా వేసుకుపోను?" అన్నాడు ఆయన. "నా దగ్గర ఇరవై రెండు మంది వెల్డర్లున్నారు. మార్చికి వాళ్ల కాంట్రాక్టులు అయిపోతాయి. ఇదివరకైతే మనం సంతకం పెడితేనే గానీ ఇంకో కంపెనీకి కదిలేవాళ్లు కాదు. ఇప్పుడా రూలు లేదు కదా. మేము రామంటే ఇక రారు. కొత్తవాళ్లతో అతుకులు వేయిస్తే ట్యాంకులన్నీ కారతాయి. మీరొకసారి వాళ్లతో మాట్లాడండి. నేను చెబితే మేనేజరు మాట అనుకుంటారు. మీరైతే బయటి మనిషి."

ఆ శుక్రవారం పొద్దున సమీయుల్లా ఘాలాలోని కార్మికుల క్యాంపుకు వెళ్లాడు. రేకుల గదుల మధ్య ఖాళీ స్థలంలో ఆకుపచ్చ వల కట్టుకుని దాని నీడలో కొందరు బట్టలు ఉతుకుతున్నారు, ఇద్దరు ఒకరికొకరు గడ్డాలు గీసుకుంటున్నారు. చాలామంది జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లు. అతన్ని చూసి కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు. ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టగానే అందరూ దగ్గరికి జరిగారు.

అందరూ విన్నారు కానీ అందరి చూపూ ఒకాయన మీదే ఉంది. ఆయన పేరు పోచన్న. నలభై ఎనిమిదేళ్లుంటాయి. పంతొమ్మిదేళ్లుగా అదే కంపెనీలో వెల్డింగ్. ముంజేతుల మీద నిప్పురవ్వలు పడి మానిన తెల్లని చుక్కలు. పక్కన ఆయన బామ్మర్ది భూమేశ్ కూర్చున్నాడు, ముప్పై దాటిన మనిషి, పోచన్నే అతన్ని వీసా మీద తెప్పించి పని నేర్పించాడు.

"రూముల ఏసీ ఉంటదా సార్?" అన్నాడు పోచన్న.

"ఉంటుంది. కొత్త రూములు. గదికి నలుగురే."

"శుక్రారం శుక్రారం మస్కట్‌కు బండి?"

"పదిహేను రోజులకొకసారి బస్సు. రాసిస్తారు."

పోచన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఇగ ఒక్కటే మాట. గక్కడ దవాఖాన ఉన్నదా? ఎందుకడుగుతున్ననంటే, పోయినేడు మా రూముల మల్లేశంకు గుండెనొప్పి లేసింది. పది నిమిషాలల్ల దవాఖానల వేసినం. గందుకే బతికిండు. ఇగో, గీయన్నే." గోడకానుకుని కూర్చున్న మల్లేశం సిగ్గుపడినట్టు నవ్వాడు.

సమీయుల్లా పంతొమ్మిదో స్లైడు తెరిచాడు. భవనం కట్టడం పూర్తయిందన్నది నిజమే. రెండు వారాల కిందట అక్కడికి వెళ్లినప్పుడు చూశాడు. అద్దాల తలుపుకు ఇంకా ప్లాస్టిక్ కాగితం అంటుకుని ఉంది. ఎండాకాలం నాటికి స్టాఫ్ వస్తారని ఇండస్ట్రియల్ సిటీ ఇంజనీర్ హమూద్ చెప్పాడు.

"ఉంది పోచన్నా. నేనే చూసినాను బిల్డింగు."

"డాక్టర్?"

"ఉంటాడు" అన్నాడు సమీయుల్లా.

ఆ చిన్న అక్షరాల మాట ఏమిటని ఎవరూ అడగలేదు. అది ఇంగ్లీషులో ఉంది. పోచన్న బొమ్మను కాసేపు చూసి, తన వాళ్ల వైపు తిరిగి, "పోదాం తియ్యుండ్రి. ఈ సార్ మనోడే, అబద్దం చెప్తడా" అన్నాడు. ఇరవై రెండు మందిలో ఇరవై మంది ఆ నెలలోనే కొత్త కాంట్రాక్టుల మీద సంతకాలు పెట్టారు. మల్లేశం, ఇంకొకతను మాత్రం ఆగిపోయారు.

ఏప్రిల్‌లో కంపెనీ కదిలింది. రిబ్బన్ కత్తిరించినప్పుడు తీసి పేపర్‌లో వేసిన ఫోటోలో సమీయుల్లా చివర్లో నిలబడ్డాడు. తయ్యబా ఆ పేపర్‌ను దాచిపెట్టింది.

మే నెల మధ్యలో పోచన్న ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు. "సార్, మంచిగున్నరా? ఏం లేదు, దవాఖానకు తాళమున్నది. ఎప్పుడు తీస్తరో అడుగుదామని."

"ఇంకో నెల పోచన్నా. నేను కనుక్కుంటా."

నిజంగానే కనుక్కున్నాడు. హమూద్ దాచకుండా చెప్పాడు. క్లినిక్ డబ్బు వచ్చే ఏడాది బడ్జెట్‌లోకి జరిగిందట, తను మూడు ఉత్తరాలు రాశాడట, ఇన్షా అల్లా వస్తుందట. ఆ సంగతి పోచన్నకు చెప్పాలని సమీయుల్లా ఒకటి రెండు సార్లు అనుకున్నాడు. చెబితే వాళ్లేం చేయగలరు, కాంట్రాక్టు రెండేళ్లది, ఊరికే బెంగ పెట్టడమే అవుతుందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అప్పటికి ఒక ఫర్నిచర్ కంపెనీ వాళ్లతో మాటలు నడుస్తున్నాయి. ఆ పనిలో పడిపోయాడు.

జూలైలో ఒక మంగళవారం. షెడ్డులో పొద్దున పదింటికే ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా ఉంది. సగం చేసిన ట్యాంకును గొలుసుతో పైకి లేపి, దాని కింది అంచుకు అతుకు వేస్తున్నాడు పోచన్న. గొలుసు జారకుండా కొక్కేనికి ఉండాల్సిన గొళ్లెం విరిగి చాలా రోజులైంది. గొలుసు జారింది. ట్యాంకు ఒక పక్కకు ఒరిగి, దాని అంచు ఆయన తొడ మీద పడింది.

నలుగురు కలిసి దాన్ని ఎత్తారు. భూమేశ్ తన తువ్వాలు తీసి బావ తొడకు కట్టాడు. అది నిమిషంలో తడిసిపోయింది. ఇద్దరు క్లినిక్ దగ్గరికి పరుగెత్తి అద్దాల తలుపు బాదారు. లోపల ఎవరూ లేరని వాళ్లకు తెలుసు. అయినా బాదారు. ఒకడు రాయితో అద్దం పగలగొట్టాడు కూడా. లోపల గచ్చు మీద దుమ్ము, మూలన సిమెంటు సంచులు. కట్టు గుడ్డ కూడా లేదు.

అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే ఊరి నుంచి కాసేపట్లో బయల్దేరుతుందన్నారు. ఎదురు వెళ్తే మేలని పికప్ వెనక పరుపు వేసి పోచన్నను పడుకోబెట్టారు. భూమేశ్ రెండు చేతులతో ఆ తొడను అదిమి పట్టి కూర్చున్నాడు. ఎండ నేరుగా పడుతోంది. ఇంకొకతను ఒక అట్టముక్కను పోచన్న ముఖానికి అడ్డం పట్టుకున్నాడు. మొదటి ఇరవై కిలోమీటర్లూ ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. నీళ్లడిగాడు. టైమెంతయిందన్నాడు. "మీ అక్కకు పిల్లల ముందట చెప్పకు. వాళ్లు బడి నుంచి రాకముందే చెయ్యి ఫోన్" అన్నాడు. తర్వాత చలి పెడుతోందన్నాడు. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో ఆ మాట విని భూమేశ్ గట్టిగా ఏడ్చాడు.

నలభై ఒకటో కిలోమీటరు దగ్గర అంబులెన్స్ ఎదురైంది. అందులోంచి దిగినతను పికప్ వెనక్కి వచ్చి, పోచన్న మెడ మీద వేలు పెట్టి చూసి, ఇక తొందరపడలేదు.

గంగాప్రసాద్ ఫోన్ చేసేసరికి సమీయుల్లా ఆఫీసులో ఫర్నిచర్ కంపెనీ వాళ్ల ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. మూడోసారి మోగితే బయటికి వచ్చి ఎత్తాడు. ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. సమీయుల్లా కాసేపు వరండాలో నిలబడి కింద కార్లు వెళ్తుంటే చూశాడు. లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఇర్షాద్ అతని ముఖం చూసి తనే లేచి మిగతా స్లైడ్లు చెప్పడం మొదలుపెట్టాడు. పంతొమ్మిదోది వచ్చింది. "ఇరవై నాలుగు గంటల క్లినిక్" అన్నాడు ఇర్షాద్. ఎదుటివాళ్లు తలలూపారు. తర్వాతి స్లైడుకు వెళ్లారు.

రెండు రోజుల తర్వాత కార్మిక శాఖకు ఇవ్వడానికి వాంగ్మూలాలు తీసుకోవాల్సి వచ్చింది. భూమేశ్‌కు తెలుగు, కొంచెం హిందీ తప్ప రావు. రాసేది ఇంగ్లీషులో కావాలి. గంగాప్రసాద్ మళ్లీ సమీయుల్లానే పిలిచాడు. దారిలో ఉండగా ఇర్షాద్ ఫోన్ చేశాడు.

"భాయ్, ప్రమాదం ఎట్లా జరిగిందో అంతవరకే రాయి. మిగతా ముచ్చట్లన్నీ అందులోకి తేకు. ఆ పిల్లగాడు ఏడుస్తడు, ఏదేదో అంటడు. నీకు తెలుసు కదా, మనకు ఈ డిసెంబర్లో కాంట్రాక్ట్ రెన్యువల్ ఉంది."

కంపెనీ మీటింగ్ రూములో బల్లకు ఒక పక్క గంగాప్రసాద్, ఇంకో పక్క భూమేశ్. భూమేశ్ గోళ్ల సందుల్లో నల్లగా ఏదో ఎండిపోయి ఉంది. స్నానం చేసినా పోలేదు కాబోలు. అతను మెల్లగా, వరసగా చెప్పాడు. గొళ్లెం సంగతి జూన్‌లోనే ఫోర్‌మ్యాన్‌కు చెప్పామన్నాడు. గొలుసు జారడం, తువ్వాలు కట్టడం, అద్దం పగలగొట్టడం చెప్పాడు. సమీయుల్లా టైప్ చేస్తూ పోయాడు. చివర్లో భూమేశ్ తలెత్తి అతన్నే చూస్తూ అన్నాడు.

"ఇది గుడ రాయుండ్రి సార్. గక్కడ దవాఖాన ఉన్నదని మీరు చెప్పిండ్రు. గా మాట మీదనే మా బావ ఒచ్చిండు. ఆయన ఒచ్చిండని మేమందరం ఒచ్చినం. లేదని చెప్తే రాకపోదుము. మల్లేశం రాలే, మంచిగున్నడు."

సమీయుల్లా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. గంగాప్రసాద్ కిటికీ వైపు చూస్తున్నాడు. సమీయుల్లా కాసేపు ఏదో టైప్ చేశాడు. అవి తేదీ, చోటు, కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు.

"అన్ని రాసిండ్రా?" అన్నాడు భూమేశ్.

"రాసినా."

ప్రింటు తీశారు. రెండు పేజీలు. భూమేశ్ వాటిని పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత గంగాప్రసాద్ చూపించిన చోట సంతకం పెట్టాడు.

శవాన్ని పంపడానికి పట్టిన తొమ్మిది రోజులూ సమీయుల్లా కాగితాల వెంట తిరిగాడు. ఎంబసీ, ఆసుపత్రి, పోలీస్ స్టేషన్, కార్గో ఆఫీసు. ఎవరూ అడగకుండానే తిరిగాడు. భూమేశ్ శవంతో పాటే ఊరికి వెళ్లాడు. కార్గో గేటు దగ్గర సమీయుల్లా అతని భుజం మీద చెయ్యి వేశాడు. భూమేశ్ ఆ చేతిని తీసేయలేదు, దాని వైపు చూడనూ లేదు.

ఆ తర్వాత అతనికి అన్నం సహించడం మానేసింది. తయ్యబా వారం రోజులు చూసింది. ఒక శుక్రవారం భోజనాల తర్వాత, కూతురు ట్యూషన్‌కు వెళ్లాక, ఎదురుగా కూర్చుని అడిగింది. ఏదీ దాచకుండా చెప్పాడు. స్లైడు, క్యాంపులో అన్న మాట, మే నెల ఫోను, రాయకుండా వదిలేసిన భూమేశ్ ఆఖరి మాటలు.

తయ్యబా చివరిదాకా వింది. తర్వాత, "ఇప్పుడు పోయి చెప్తే ఏమొస్తుంది? ఆయన లేసొస్తాడా?" అంది.

"లేసి రాడు."

"పాపకు ఫిబ్రవరిలో పదో తరగతి పరీక్షలు. ఇర్షాద్ భాయ్ వీసా క్యాన్సిల్ చేస్తే ఏడికి పోతాం మనం? చదువు మధ్యలో ఏ స్కూల్లో చేర్చుకుంటారు?"

"తెలుసు."

"తెలిసి చేస్తానంటావా?"

ఆమె లేచి గిన్నెలు తీసింది. వంటింట్లో కుళాయి చాలాసేపు పారింది. తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఆయన పెండ్లాం పేరేమి?" అని అడిగింది.

"శాంతవ్వ."

"ఆమెకు ఎవరు చెప్పినారు, తొందరగా తీసుకుపోయి ఉంటే బతికేవాడని?"

"ఎవరూ చెప్పలేదు. ట్యాంకు మీద పడి అక్కడికక్కడే పోయినాడని కంపెనీ వాళ్లు చెప్పినారంట."

తయ్యబా తల అడ్డంగా ఊపింది. "సరే పో. పాపకు నేను చెప్తాలే" అంది. ఆమె గొంతులో ఒప్పుకోలు లేదు, అలసట ఉంది.

మరుసటి ఆదివారం అల్ సుదైరాలోని కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లాడు. కౌంటర్‌లో ఉన్న యువతి ఫైలు వెతికి, వాంగ్మూలానికి ఏమైనా చేర్చాలంటే ఆ కార్మికుడే రావాలని చెప్పింది. అతను దేశంలో లేడు. "అయితే నా వాంగ్మూలం తీసుకోండి" అన్నాడు సమీయుల్లా. ముందే అరబ్బీలో రాసుకొచ్చిన కాగితం ఇచ్చాడు. ఆమె చదువుతూ మధ్యలో ఆగింది.

"ఇది మీ మీద మీరే ఇస్తున్న ఫిర్యాదు" అంది.

"అవును."

"మీ ఆఫీసుకు తెలుసా?"

"రేపు తెలుస్తుంది."

ఆమె ఇంకోసారి చదివి, ముద్ర వేసి, ఒక కాపీ చేతికిచ్చింది. బయటికి వచ్చాక కారులో కూర్చుని ఆ కాగితాన్ని చూసుకున్నాడు. గుండె బరువు తగ్గుతుందనుకున్నాడు. తగ్గలేదు. ఆకలి మాత్రం వేసింది. దారిలో ఒక మలబారీ హోటల్లో రెండు పరోటాలు తిన్నాడు. తిన్నందుకు సిగ్గేసింది.

ఇర్షాద్ కేకలు వేయలేదు. తలుపు వేసి, కూర్చోమని, "నన్నొకసారి అడగాల్సింది" అన్నాడు. "నేను నీకు అన్యాయం చేసిన్నా ఎప్పుడైనా? నీ కూతురి స్కూల్ సీటుకు నేనే కదా ఫోన్ చేసింది. చిన్న అక్షరాలల్ల రాసి ఉంది కదా భాయ్, ప్రతిపాదితమని. మన తప్పేముంది?"

"నేను చదివి వినిపించలేదు ఇర్షాద్ భాయ్."

"వాళ్లు అడగలేదు."

"అడిగినారు. రెండు సార్లు అడిగినారు."

ఆ నెలాఖరుకు ఉద్యోగం పోయింది. అయితే అతని వీసాను ఇర్షాద్ వెంటనే రద్దు చేయలేదు. వేరే చోట చూసుకోవడానికి రెండు నెలలు గడువిచ్చాడు. రువిలో ఒక టైపింగ్ సెంటర్ వాళ్లు సమీయుల్లాను తీసుకున్నారు. పదిహేడేళ్ల కిందట మొదలుపెట్టిన చోటికే వచ్చినట్టయింది. జీతం సగానికి తక్కువ. ఘుబ్రాలోని ఫ్లాటు వదిలేసి దార్సైట్‌లో రెండు గదుల్లోకి మారారు. కూతురు స్కూలు మారలేదు, కానీ పొద్దున గంట ముందు లేవాల్సి వచ్చేది. ఆ పిల్ల ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. తల్లి ఏం చెప్పిందో అతనికి తెలియదు.

విచారణ అక్టోబర్‌లో ముగిసింది. గొళ్లెం బాగు చేయించనందుకు స్టీల్ కంపెనీకి జరిమానా పడింది. క్లినిక్ విషయం తమ పరిధిలోకి రాదని ఆ నివేదికలో ఒక వాక్యం ఉంది. సమీయుల్లా వాంగ్మూలాన్ని జతపరిచిన కాగితాల్లో చివరిదిగా పెట్టారు. వారానికి రెండు రోజులు ఒక నర్సు వచ్చి పోయేలా ఏర్పాటు చేశారని హమూద్ తర్వాత ఫోన్‌లో చెప్పాడు. మంగళవారం, గురువారం.

ఫర్నిచర్ కంపెనీ నవంబర్‌లో కదులుతోందని తెలిసింది. ఒక శుక్రవారం సమీయుల్లా ఎవరూ పిలవకుండానే వాళ్ల క్యాంపుకు వెళ్లాడు. అరవై మంది దాకా ఉన్నారు, ఎక్కువ మంది కడప, హైదరాబాద్ ముస్లింలు. వాళ్లలో పెద్దవాడు వహీద్ అనే వడ్రంగి. సమీయుల్లా నిలబడే చెప్పాడు, కుర్చీ వేస్తామన్నా కూర్చోలేదు. అక్కడ డాక్టర్ లేడు, ఆసుపత్రి యాభై ఎనిమిది కిలోమీటర్లు, జూలైలో ఒక మనిషి దారిలో చచ్చిపోయాడు, ఉందని చెప్పి తీసుకుపోయింది నేనే అన్నాడు.

కొందరు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వహీద్ చెవికి పెట్టుకున్న పెన్సిల్ తీసి చేతిలో తిప్పుతూ, "మాకు తెలుసు భాయ్" అన్నాడు.

"తెలుసా?"

"ఆ స్టీల్ కంపెనీ వాళ్లు చెప్పినారు. నాకు యాభై ఆరేళ్లు. ఈ కంపెనీ వద్దంటే ఇంకోడు నన్ను తీసుకుంటాడా? ఇంగ వీళ్లలో సగం మందికి పోయినేడే కొత్త వీసాలు, కాంట్రాక్ట్ మధ్యలో ఉండారు. పోకుంటే ఇంటికి పంపుతారు. పోతాం. కత్తి మిషన్ కాడ జాగర్తగా ఉంటాం." ఆగి, "మీరు వచ్చి చెప్పినారు, అది మంచిదే" అన్నాడు. మాట బాగానే ఉంది, కానీ ఆ తర్వాత ఎవరూ చాయ్ ఇవ్వలేదు.

డిసెంబర్ మొదటి వారంలో, మధ్యాహ్నం వేళ, టైపింగ్ సెంటర్‌లో జనం క్యూ కట్టి ఉండగా ఇండియా నంబరు నుంచి ఫోనొచ్చింది. భూమేశ్.

సమీయుల్లా లేచి వెనక స్టోర్ రూములోకి వెళ్లాడు. ఇన్నాళ్లూ చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ముందుగా చెప్పేశాడు. "భూమేశూ, నువ్వు చెప్పిన ఆఖరి మాట నేను ఆ రోజు రాయలేదు. రాసినా అని అబద్ధం చెప్పినాను. తర్వాత పోయి నేనే రాసిచ్చినా, కానీ..."

"నాకు ఎర్కనే సార్."

"ఎట్ల తెలుసు?"

"నాకు ఇంగ్లీష్ రాదు గని హాస్పిటల్ అన్న మాట గుర్తువడ్త. గా రెండు పేజీలల్ల ఎతికిన. ఒక్క తాననే ఉండె, బావను తీస్కపోయిన ఊరి హాస్పిటల్ పేరు కాడ. మీరు చెప్పిన దవాఖాన ముచ్చట లేదని అప్పుడే తెల్సింది."

"మరి సంతకం ఎందుకు పెట్టినావు?"

"సంతకం పెట్టకుంటే శవాన్ని ఇయ్యరని ప్రసాద్ సార్ అన్నడు. మీరు టైప్ చేస్తుండంగ గాదు, అంతకు ముంగట, బయట."

సమీయుల్లా అట్టపెట్టెల మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. అవతల ఎక్కడో ట్రాక్టర్ పోతున్న చప్పుడు, ఒక ఆడమనిషి ఎవరినో పిలుస్తున్న గొంతు వినిపించాయి.

"శాంతవ్వ ఎట్లుంది?" అన్నాడు చివరికి.

"ఉన్నది. బీడీలు చేస్తున్నది. ఆమెకు అంతా చెప్పిన సార్, దారి ముచ్చట గుడ. చెప్పకుంటే నాకు మనసున వట్టలే." కాస్త ఆగాడు. "గిప్పుడు ఫోన్ చేసింది వేరే ముచ్చటకు. ఆరు నెలలు దేశం బయట ఉంటే వీసా పోతదట గద. నేనొచ్చి నాలుగు నెలలు దాటింది. మీకు కంప్యూటర్ల కనవడ్తదని మల్లేశం అన్నడు. జర చూస్తరా?"

"మళ్లీ అక్కడికే పోతావా?"

"అక్కడికి గాకపోతే ఏడికి? వీసా ఆళ్లదే. అక్క పిల్లలిద్దరున్నరు, నా పిల్లలిద్దరు. ప్రసాద్ సార్ రమ్మన్నడు, బావ చేసే సీటు నాకిస్తనన్నడు."

సమీయుల్లా తన కుర్చీ దగ్గరికి వచ్చి భూమేశ్ రెసిడెంట్ కార్డు నంబరు అడిగాడు. భూమేశ్ ఒక్కో అంకె నిదానంగా చెప్పాడు. తెర మీద అతని పేరు, ఫోటో వచ్చాయి. ఫోటోలో ఇంకా మీసం రాని రోజుల్లాగా నున్నగా గీసుకుని ఉన్నాడు.

"నలభై ఆరు రోజులు టైముంది" అన్నాడు సమీయుల్లా. ఇంకేదో చెప్పాలని నోరు తెరిచాడు. ఆ గొళ్లెం బాగుచేశారో లేదో చూసుకో అనాలా, మంగళవారం, గురువారం నర్సు వస్తుందని చెప్పాలా అర్థం కాలేదు.

"సరే సార్. అట్లయితే టికెట్ చేస్కుంట" అని భూమేశ్ ఫోన్ పెట్టేశాడు.

కౌంటర్ ముందు నిలబడ్డ బెంగాలీ అతను తన ఫారాన్ని అద్దం కిందినుంచి లోపలికి తోశాడు. సమీయుల్లా దాన్ని తీసుకుని, పేరు స్పెల్లింగ్ ఒకసారి చెప్పమన్నాడు.